నన్ను కళ్ల డాక్టరమ్మను చేసిన లెన్సు

మార్కాపురం, గిద్దలూరు తిరిగొచ్చానని చెబితే మా కాలేజీ స్టాఫ్‌రూములో ఒక్కరైనా "ఎలా ఉంది?" అని అడగలేదు. "అక్కడేముంది?" అన్నారు. ఊటీ వెళ్లొచ్చినవాళ్లను ఎవరూ ఆ మాట అడగరు. అందుకే కసికొద్దీ రాస్తున్నాను. అక్కడేముందో చెబుతాను, వినండి.

ముందు నా సంగతి. నేను రేపల్లెలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పని చేస్తాను. కుంభాకార కటకం, పుటాకార కటకం అని పిల్లల చేత ఇరవై ఏళ్లుగా వల్లె వేయిస్తున్నదాన్ని. మా ఊళ్లో ఓ పాత స్టూడియో మూసేస్తుంటే, తుక్కులోకి పోబోతున్న నాలుగు లెన్సులను వాటి అల్యూమినియం పెట్టెతో సహా తెచ్చుకున్నాను. నాలుగూ చేత్తో తిప్పితే తప్ప ఫోకస్ కానివే. తర్వాత వాటికోసం చీటీ కట్టి మరీ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. ఫుల్‌ఫ్రేమ్ అంటే బెదిరిపోకండి. పాతకాలం ఫిల్ము ముక్క ఎంత ఉండేదో, లోపల సెన్సారు అంత ఉంటుంది. కాబట్టి ఆ లెన్సులు ఆ రోజుల్లో ఎంత మేర చూసేవో ఇప్పుడూ అంతే చూస్తాయి. రెంటికీ మధ్య ఒక లోహపు రింగు బిగిస్తే సరిపోతుంది. "నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టుంది నీ యవ్వారం" అన్నారు మా ఆయన. నిజమే, కాదనను.

కానీ ఆ సుఖం ఆయనకేం తెలుసు? రింగు తిప్పుతుంటే మసకలోంచి ఓ మొహం మెల్లగా తేలి వస్తుంది, వస్తుంది, ఒక్కచోట టక్కున నిలబడుతుంది. ఇంకో వెంట్రుకవాసి తిప్పితే మళ్లీ మాయం. కెమెరా దానంతటదే ఫోకస్ చేసుకుంటే ఆ పని కెమెరాది, ఇదైతే నా వేళ్లది. ఆ ఒక్క క్షణం కోసం పూట భోజనం మానేసిన రోజులున్నాయి నాకు. సెలవు పెట్టి, నల్లమల అంచున నాలుగు రోజులు ఆ లెన్సులతోనే తిరిగొస్తానని బయల్దేరాను.

కురిచేడు దాటాక

తొలకరి పడి పది రోజులైంది. గుంటూరులో ప్యాసింజరు ఎక్కినప్పటి నుంచి కిటికీ వదల్లేదు. మా వైపు రైల్లోంచి చూస్తే కాలవ, వరిచేను, మళ్లీ కాలవ. వినుకొండ దాటాక భూమి రంగే మారిపోయింది. ఎర్రమట్టి, దాని నిండా రాళ్లు, ఆ రాళ్ల మధ్యనే అరకలు కట్టి కందులు విత్తుతున్న మనుషులు. మా డెల్టా రైతును తెచ్చి ఇక్కడ నిలబెడితే నీళ్లేవని అడిగి తిరుగు రైలు ఎక్కేస్తాడు.

కురిచేడు దాటాక పెట్టె తెరిచి, యాభై మిల్లీమీటర్ల లెన్సు తీసి వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాను. లోపలి అద్దం మీద ఓ మూల సన్నగా బూజులాంటి పొర. గుంటూరులో లెన్సులు బాగుచేసే మస్తాన్‌కు వెంటనే ఫోన్ కొట్టాను. సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని బోగీ అంతా వినపడేలా అరవాల్సి వచ్చింది.

"పొర పట్టింది మస్తానూ. అవును, లోపలే. తీయించేస్తే మళ్లీ తేటగా కనపడుతుంది కదా? అరగంట పనేనా? సరే, వచ్చాక కలుస్తాను."

ఫోన్ పెట్టేసి తలెత్తితే ఎదుటి సీట్లో కురిచేడులో ఎక్కిన ఆవిడ నన్నే చూస్తోంది. అరవైకి దగ్గరగా ఉంటుంది. ఒళ్లో చింతపండు మూట, చెవులకు బరువైన కమ్మలు. నా పెట్టెకేసి, అందులోని గుండ్రటి అద్దాలకేసి చూసి అడిగింది.

"రెండు కండ్లకూ ఒకే దినం తీస్తారా అమ్మా, లేకుంటే ఒకటి తీసినాక ఇంకొకటా?"

"ఏంటి తీసేది?"

"పొర."

నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. కంటి క్యాంపుల్లో ఇలాంటి పెట్టెలోంచే గుండ్రటి అద్దాలు తీసి ముక్కు మీద మార్చి మార్చి పెడతారు. పెట్టె ఉంది, అద్దాలున్నాయి, పొర అన్నాను, తీయించాలన్నాను, అరగంట పని అన్నాను. ఇంకేం కావాలి? నవ్వాపుకుంటూ చెప్పాను. "నేను డాక్టర్ని కాదక్కా. ఇవి ఫోటోలు తీసే అద్దాలు."

ఆవిడ కూడా నవ్వింది, నాకంటే తెలివిగా. "అట్లనే అంటారులే. మొన్న బస్సులో నర్సమ్మ కూడా టీచరునని చెప్పింది. నిజం చెప్తే బస్సులో అందరూ నాలికలు చాపరా?"

ఆవిడ పేరు అంకమ్మ. కురిచేడులో కూతుర్ని చూసి ఇంటికి పోతోంది. ఇల్లు ఎర్రగొండపాలెం అవతల ఓ చిన్న పల్లెలో. వై.పాలెం అంటారు అక్కడందరూ. భర్త కోటయ్యకు నూటిరవై గొర్రెలు. కింద చేలల్లో విత్తనం పడ్డాక గొర్రెలకు చోటుండదు, వాటిని తోలుకుని కొండెక్కాలి. పంటలు ఇంటికి చేరేదాకా అక్కడే. ఇంకో నాలుగు రోజుల్లో బయల్దేరుతున్నాడు. కోటయ్యకు రెండు కళ్లకూ పొర కమ్మింది.

"పోయినేడు వాగులో పడినాడు. బండ జారిందన్నాడు. బండ కాదమ్మా, ఆయనకు వాగు కనపడలా. ఈసారి పోతే మనిషి రాడు, నాకు తెలుసు. ఆస్పత్రికి రమ్మంటే, నాకేమైంది, ఆకాశంలో గద్ద కనపడతాంది అంటాడు. లేని గద్దను చూపిచ్చేంత మొండి. ఆఖరికి ఒక మాటన్నాడు. ఇంటికొచ్చి చూసే డాక్టరుంటే చూపిచ్చుకుంటా, నేను మాత్రం పోనన్నాడు."

ఆ మాట అంటూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంటికొచ్చే డాక్టరు ఆవిడకు రైల్లోనే దొరికింది మరి. నేను కాదు మొర్రో అన్నా వినదు. వై.పాలెం ఎలాగూ వస్తాను, మీ ఇంటికి వచ్చి గొర్రెల ఫోటోలు తీసుకుంటాను అని మాత్రం చెప్పాను. ఆవిడ ఫోన్లోంచి నా నంబరుకు రింగిచ్చి, దొనకొండలో దిగిపోయాను.

దొనకొండ: లెన్సు లేదన్న కెమెరా

దొనకొండలో తెల్లదొరల కాలపు విమానాల మైదానం ఉంది. ఇప్పుడక్కడ దిగేవి కొంగలే. మబ్బులు కొండల మీదికి వాలి, గడ్డి పచ్చగా మొలిచి, ఆ బారు మైదానం చూసేసరికి నాకు చేతులు ఆగలేదు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల లెన్సు బిగించి బటన్ నొక్కాను. కెమెరా కదల్లేదు. తెర మీద "లెన్సు లేదు" అని వచ్చింది.

పాత లెన్సులకు కెమెరాతో మాట్లాడే తీగలూ చుక్కలూ ఉండవు. లెన్సు లేకపోయినా ఫోటో తియ్యమని మనమే సెట్టింగులో చెప్పి పెట్టుకోవాలి. రైల్లో తికమకలో ఏది నొక్కానో, అన్నీ మొదటికొచ్చాయి. ఆ మాట ఏ మూలన దాచారో గుర్తు రాక మైదానం మధ్యలో చతికిలబడి అరగంట వెతికాను. మబ్బు కాస్తా వెళ్లిపోయింది. బర్రెలు మేపుకుంటున్న పెద్దాయన వచ్చి సంగతి కనుక్కున్నాడు.

"లెన్సు లేదంటే, ముందర యాలాడేది ఏంది?"

"అదే లెన్సు నాయనా. కెమెరాకు తెలియడం లేదు."

"అంటే కొత్త కోడలు ఇంట్లో ఉన్న అత్తను లేదన్నట్టు" అని, బర్రెల వెనక వెళ్లిపోయాడు. నాకు ఇంతకంటే బాగా ఎవరూ ఈ విషయం వివరించలేదు. వచ్చే ఏడాది పిల్లలకు పాఠం ఇలాగే చెబుతాను.

స్టేషను దగ్గర టీ పది రూపాయలు, మా ఊళ్లోనూ అంతే. కానీ ఇక్కడి గ్లాసు మా గ్లాసుకు ఒకటిన్నర ఉంటుంది. ఆ దుకాణంలోనే సెట్టింగు దొరికింది. దొరికిన సంతోషంలో ఇంకో టీ తాగాను.

మార్కాపురం: ఎర్రచీమలు

మీరు చిన్నప్పుడు రాతి పలక మీద అ ఆలు దిద్ది ఉంటే, మార్కాపురాన్ని అప్పుడే ముట్టుకున్నట్టు. ఊరి చుట్టూ పలకరాయి గుట్టలు, నల్లగా, వాన తడికి నిగనిగలాడుతూ. ఇప్పుడు పలకలు తగ్గి, ఇళ్లకు వేసే బండలు ఎక్కువయ్యాయి. ఉదయం హోటల్లో ఇడ్లీతో నెయ్యి, కారప్పొడి కలిపి పెట్టారు. మా వైపు అల్లం పచ్చడి పెట్టకపోతే ఇడ్లీ ఇడ్లీయే కాదు. ఇక్కడ అల్లం పచ్చడి అడిగితే జ్వరం వచ్చిందా అని అడిగారు.

ఒక చిన్న షెడ్డులో మరియమ్మ అనే ఆవిడ రాయి చీలుస్తోంది. రాయిని ఒళ్లోకి నిలువుగా లాక్కుని, అంచున ఉలి పెట్టి చిన్న సుత్తితో టిక్ టిక్ మనిపిస్తుంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు మారుతుంది. అంతే, అంత రాయీ పుస్తకం తెరిచినట్టు రెండుగా విచ్చుకుంటుంది. నేను రింగు తిప్పుతూ పూనకం వచ్చినదానిలా ఇరవై తీశాను. పన్నెండు తప్పాయి. ఈ లెన్సులో వెలుతురు వచ్చే కన్నాన్ని పూర్తిగా తెరిస్తే కనురెప్పకు ఫోకస్ కుదిరినప్పుడు చెవి మసకైపోతుంది. మనిషి ఊపిరి తీస్తే చాలు, గురి తప్పుతుంది. అయినా ఆ కుదిరిన ఎనిమిదిలో ఒకదాన్లో ఆవిడ రెప్పల మీద పడ్డ రాతిపొడి కూడా లెక్కపెట్టొచ్చు. గంతేశాను, సిగ్గులేకుండా.

మరియమ్మ లేచి వచ్చి తెరలోకి చూసింది. ఫోకస్ ఎక్కడ కుదిరితే అక్కడ అంచుల వెంట ఎర్రటి చుక్కలు కదిలేలా పెట్టుకున్నాను. పక్కన రాయి చీలుస్తున్న ఇంకో ఆవిడ మొహం మీద అవి పాకడం చూసి బుగ్గలు నొక్కుకుంది.

"మొగం మీద ఎర్రచీమలు పారుతుండాయేందమ్మా?"

"చీమలు ఎక్కడుంటే అక్కడ స్పష్టంగా వస్తుందక్కా. నాకు అదే గుర్తు. మీకు రాయి ఎక్కడ చీల్చాలో ఎలా తెలుస్తుంది?"

"పొర ఉంటాది గదా. దాని జాడ చేతికే తెలుస్తాది. పొర దొరకబట్టినాక మనం చేసేదేముంది, రాయే విడిపోతాది. తొందరపడితే ముక్కలైతాది."

మళ్లీ పొరే. ఆ మాట నా వెంట పడి వస్తోంది. సరిగ్గా అప్పుడే అంకమ్మ ఫోన్.

"రేపు పదింటికల్లా రాండి అమ్మా. మా ఆయన సరే అన్నాడు. ఇంటికొచ్చే డాక్టరమ్మ దొరికిందంటే నోట మాట రాలా ఆయనకు. ఊళ్లో వాళ్లకు కూడా చెప్పినా."

"అక్కా, నేను డాక్టర్ని కాదని..." అనేలోపు లైను తెగింది. మూడుసార్లు చేశాను, కలవలేదు. ఆ సాయంత్రం నేను తీసిన ఫోటోల్లో ఒక్కదానికీ ఫోకస్ కుదరలేదు.

వై.పాలెం అవతల: రెండు ఫోటోలు

ఆటో దిగేసరికి వాళ్లింటి ముందు రేకుల పందిట్లో పద్నాలుగు మంది వరసగా కూర్చుని ఉన్నారు. ఒకాయన కన్ను కారుతున్న మేకను కూడా పట్టుకొచ్చాడు. నా చేతిలో అల్యూమినియం పెట్టె చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

దాచి లాభం లేదని గట్టిగా చెప్పేశాను. నేను డాక్టర్ని కాను, పొర పట్టింది నా లెన్సుకు, అక్క పొరపాటు పడింది, తప్పు నాది కూడా. కెమెరా తీసి చూపించాను. ఆ తర్వాత ఒక ముసలమ్మ చేతికర్ర తీసుకుని లేస్తూ అడిగింది.

"డాక్టరు కానిదానివి పెట్టెందుకు మోస్తుండావు తల్లీ?"

మేక ఆయన మాత్రం పోతూ పోతూ, మేకకైనా చూస్తావా అన్నాడు.

అందరూ పోయాక మిగిలింది ముగ్గురు. అంకమ్మ, ఆమె తమ్ముడు సుబ్బయ్య, నులకమంచం మీద కోటయ్య. బక్కపలచగా, గుబురు మీసాలతో, భుజాన గొంగడితో ఉన్నాడు. అంకమ్మ మొహం చూడలేకపోయాను. ఆమె లోపలికి పోయి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. కోటయ్య మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"నువ్వు దాన్ని అక్కా అన్నావంటనే. అయితే నాకు మరదలివి. కూచో. డాక్టరమ్మవైతే నీ మాట వినాల్సి వచ్చేది. మరదలివైతే నువ్వే నా మాట వినాల. ఎల్లుండి తెల్లారి కొండకు పోతుండా. ఇంటికొచ్చే డాక్టరు రాలా. మాటంటే మాటే."

సుబ్బయ్య తలదించుకున్నాడు. ఈ ఏడు బావతో పాటు కొండెక్కేది అతనే. "దారిలో నా భుజం మీద చెయ్యి ఏస్తాడు. ముచ్చట్లు చెప్తా ఏసినట్టు ఏస్తాడు" అని నాకు తర్వాత చెప్పాడు.

జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం, మేకపాల టీ పెట్టారు. మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం లేకపోతే ఉపవాసం అంటారు. ఇక్కడ నేను మూడు రొట్టెలు తిని, నాలుగో దాని వైపు చూశాను. మేకపాల టీ మొదటి గుక్క వాసనేసింది, రెండోది నచ్చింది. గొర్రెలు దొడ్లో ఉన్నాయి. వాటిని తీస్తుంటే కోటయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏ గొర్రె అరిచినా దాని తల్లి ఏదో, అది ఏ ఏడు పుట్టిందో చెబుతున్నాడు. ఇంత తెలిసిన మనిషికి కళ్లు లేవంటే నేనే నమ్మలేకపోయాను.

"నాకియ్యి మరదలా. నేనూ తీస్తా ఒకటి."

ఇచ్చాను. పట్టీ మెడలో వేసి, రింగు ఎలా తిప్పాలో చూపించాను. ఎవరిని తీస్తారంటే, అంకమ్మను బయటికి పిలిచాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దగ్గర నిలబడింది. ఆయన కన్ను ఆనించి, నిదానంగా తిప్పాడు.

"ఎర్రచుక్కలు కనపడుతున్నాయా బావా? ఆమె మొహం మీదికి వచ్చినప్పుడు నొక్కండి."

"ఆ, వచ్చినాయి. బ్రమ్మాండంగా వచ్చినాయి." నొక్కాడు. ఒకటి కాదు, ఆరు.

తెర మీద చూస్తే ఆరింటిలోనూ తలుపు ఉందో లేదో తెలియదు, ఎర్రచీర రంగు మాత్రం నీళ్లలో కలిసిన కుంకంలా ఉంది. సుబ్బయ్య వంగి చూసి నవ్వాడు. "మా అక్క యాడుంది బావా ఇందులో?"

కోటయ్యకు కోపం వచ్చింది. కానీ తెలివి ఎక్కడికి పోతుంది. "నన్నంటావేందిరా? ఆ అద్దానికి పొర పట్టిందని ఆమే చెప్పింది గదా, పొద్దున, అందరి ముందర. పొర దానికుంది. నాకేం లేదు."

కెమెరాకు బిగించి ఉన్నది ఆ యాభై లెన్సే, నిజంగానే దాన్లో పొర ఉంది. ఆ మాట చెప్పింది నేనే. ఆ కాస్త బూజుకు ఫోటో ఇంత మసకబారదని ఎంత చెప్పినా, అది సాకులానే వినపడుతుంది.

అప్పుడు అంకమ్మ గడప దిగి వచ్చింది. మొగుడి మెడలోంచి పట్టీ తీసి తన మెడలో వేసుకుంది. "యాడ తిప్పాల?" అంది. చూపించాను. కోటయ్యను మంచం మీద కూచోమంది. ఆయన మీసం దువ్వుకుని కూర్చున్నాడు. ఆమె రింగు తిప్పింది, ఆగింది, వెనక్కి కొంచెం తిప్పింది. "చీమల మాదిరి ఎర్రంగా వచ్చినాయి కండ్ల మీదికి" అంది. ఒక్కటే తీసింది.

అదే లెన్సు, అదే పొర. ఫోటోలో కోటయ్య కనుబొమల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కకు వస్తున్నాయి. గొంగడి నేత, మంచం నులక, కళ్ల లోపల తెల్లగా పేరుకున్న రెండు పొరలు, అన్నీ ఉన్నాయి. నేను జన్మలో అంత బాగా తీయలేదు.

కోటయ్య కెమెరాను ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకున్నాడు. ఆయన తీసింది చూపించాను, ఆమె తీసింది చూపించాను. మళ్లీ అది, మళ్లీ ఇది. చాలాసేపు చూశాడు. గెలిచినట్టే తలెత్తి అన్నాడు.

"రెండూ ఒకటే గదా."

ఎవరూ నవ్వలేదు. సుబ్బయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. దొడ్లో గొర్రెలు కూడా ఎందుకో అరవలేదు. ఆ నిశ్శబ్దం ఆయనకు వినపడింది. చెవులు మంచివి కదా. మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

"ఒకటే కాదా?" అని అడిగాడు అంకమ్మను, చిన్నగా.

"కాదు. నీ ఫోటోలో నేను లేను. నా ఫోటోలో నువ్వుండావు."

కోటయ్య గొంగడి సర్దుకుని లేచి, దొడ్డి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఒక పొట్టేలు వచ్చి ఆయన చేతిని నాకింది. చాలాసేపటికి వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "సుబ్బయ్యా, ముందర నడిచే నల్లదాన్ని పట్టుకుంటే తక్కినవి వస్తాయి. తెలుసునా నీకు?"

"తెలుసు బావా" అన్నాడు సుబ్బయ్య. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోకపోయినా అక్కడ చూడనివాడు ఆయనొక్కడే.

మార్కాపురం బస్సులో

మర్నాడు పొద్దున బస్సుకు అంకమ్మ, కోటయ్య ఇద్దరూ వచ్చారు. కోటయ్య తన పొడుగాటి కర్రను కూడా ఎక్కించాడు. కండక్టరు దానికీ టికెట్ కొడతానన్నాడు. "కొట్టు నాయనా, కిటికీ పక్క సీటు ఇయ్యి దానికి" అన్నాడు కోటయ్య. బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు, చెమటలు పడుతున్నాయి. నొప్పి ఉంటుందా అని నన్ను అడిగాడు. నేను డాక్టర్ని కాదని ఈసారి అనలేక, ఉండదట బావా అన్నాను. మార్కాపురంలో ఉచిత కంటి ఆసుపత్రికి పోయే సందు దగ్గర దిగారు. నా బస్సు కదిలేదాకా ఆయన ఆ సందు మొదట్లోనే నిలబడి ఉన్నాడు.

గిద్దలూరు

కంభం చెరువు మీద మబ్బు పట్టి, ఆ నీళ్లు సముద్రంలా కనపడ్డాయి. సముద్రం పక్కన పుట్టిన నేనే కిటికీలోంచి మెడ చాపాను. గిద్దలూరులో ఉగ్గాణి తిన్నాను. మేం మరమరాలంటాం, సాయంత్రం పూట ఉల్లిపాయ చల్లుకుని తినే కాలక్షేపం. ఇక్కడ వాటినే బొరుగులంటారు, నీళ్లలో తడిపి పోపు పెట్టి, మిరపకాయ బజ్జీ పక్కన పెట్టి ఏకంగా టిఫిన్ చేసేస్తారు. మొదటి ముద్దకే నేను రేపల్లెకు ద్రోహం చేశాను. రెండో ప్లేటు చెప్పాను. హోటలాయన నేను ఎక్కడిదాన్నో కనుక్కుని, కోస్తా వాళ్లు బియ్యాన్ని ఎక్కువ నమ్ముతారని తేల్చాడు.

కెమెరా మెడలోనే ఉంది, మనసు మాత్రం ఆ సందు మొదట్లో ఉంది. నాలుగింటికి స్టేషనులో తిరుగు రైలు కోసం కూర్చుంటే అంకమ్మ ఫోన్ చేసింది. బీపీ ఎక్కువ ఉందట, రెండు రోజులు మందులేసి చూసి అప్పుడు చేస్తామన్నారట. "ఇంటికి పోదాం అంటుండాడు. నువ్వన్నా చెప్పు చెల్లే" అని ఆయనకు ఇచ్చింది.

"రేపు తెల్లారి గొర్రెలు కొండెక్కుతాయి మరదలా" అన్నాడు కోటయ్య. "ముప్పై యేండ్లలో నేను లేకుండా ఒక్కసారి కూడా ఎక్కలా."

కాలేజీలో వంద మాటలు చెప్పేదాన్ని. ఆ మనిషికి ఒక్క మాటే చెప్పాను. "ఉండండి బావా" అన్నాను. అటు నుంచి ఊ అనలేదు, ఉహూ అనలేదు. అంతలో రైలొచ్చింది. కిటికీలో కొండలు నీలంగా జరిగిపోతున్నాయి, ఏ కొండ అంచున నూటిరవై గొర్రెలు ఎక్కుతాయోనని చూస్తూ కూర్చున్నాను. ఒక్క ఫోటో తీయలేదు.

ఇల్లు చేరాక

మూడు వారాలు ఏ కబురూ లేదు. చేస్తే ఫోన్ కలవదు. పోయిన ఆదివారం పొద్దున, కూర తరుగుతుంటే మోగింది.

"మరదలా, నేను కోటయ్యను. బీపీ దిగేసరికి ఇన్నాళ్లు పట్టింది. ఈ పొద్దు కట్టిప్పి ఒక కన్ను తెరిచినారు."

కత్తిపీట పక్కకు నెట్టాను. "ఉన్నారా బావా? ఇంటికి పోలేదా?"

"యాడికి పోతా? కర్ర దాచిపెట్టింది మీ అక్క."

"ఎలా కనపడుతోంది?"

"బాగుంది. గద్దలు నిజంగనే ఉండాయి, రెండు. సుబ్బిగాడు గొర్రెల్ని బాగనే మేపుతుండాడంట. అంతా బాగుంది." కాస్త ఆగాడు. గొంతు తగ్గించి, ఇంట్లో గుట్టు చెబుతున్నట్టు అన్నాడు. "ఒకటే మరదలా. మీ అక్క ముసలిదైపోయింది. ఇన్నేండ్లలో ఒక్కరన్నా నాకు చెప్పలేదు."

వెనక నుంచి అంకమ్మ గొంతు వినపడింది. "చెప్పుంటే ఆస్పత్రికి వచ్చేవాడివా?"

నాతోనే అన్నాడు.

"అయితే ఏమిలే. పొద్దుటి నుంచి చూస్తానే ఉండా."